రెండు గోడల మధ్య బిగుసుకున్న స్లాబ్: పగుళ్లు సన్నగా ఉండాలంటే స్టీల్ ఎలా లెక్కించాలి

స్లాబ్ పోసిన రెండు నెలలకి కింద నిలబడి పైకి చూశాను. రెండు షియర్ వాల్స్‌కీ (గాలి, భూకంపం తోపుడుని ఆపే కాంక్రీటు గోడలు) దాదాపు మధ్యలో ఒకే ఒక్క పగులు, స్లాబ్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. క్రాక్ కార్డు (పగులు వెడల్పు కొలిచే గీతల కార్డు) ఆనించి చూస్తే 1.5 మి.మీ. దాని వెంబడి తెల్లటి చార, కొన్నిచోట్ల బొట్లు బొట్లుగా గట్టిపడి వేలాడుతోంది, అంటే పై నుంచి కింది దాకా నీళ్లు దారి చేసుకున్నాయన్నమాట. మిగతా స్లాబ్ అంతా నున్నగా ఉంది, ఒక్క వెంట్రుక గీత కూడా లేదు. ఆ డ్రాయింగ్ నాదే. లోడ్లకి స్లాబ్ పూర్తిగా సరిపోతుంది, ఆ లెక్కలో తప్పు లేదు. కానీ గోడ నుంచి గోడకి ఉన్న దిశలో నేను వేసింది డిస్ట్రిబ్యూషన్ స్టీల్ (మెయిన్ రాడ్లకి అడ్డంగా వేసే కనీసపు స్టీల్) మాత్రమే, కింది వరసలో 8 మి.మీ. రాడ్లు 200 మి.మీ.కి ఒకటి. మీటరుకి 251 చదరపు మి.మీ., 200 మి.మీ. మందానికి 0.126 శాతం. మన ఐఎస్ 456 కోడ్ అడిగే కనీసం 0.12 దాటింది కదా అని వదిలేశాను.

ఇప్పుడు ఇలాంటి స్లాబ్ వస్తే నేను ఏ వరసలో ఆలోచిస్తానో రాస్తున్నాను. మీరు స్ట్రక్చరల్ డిజైన్ చేసేవారైతే లెక్కలతో పాటు చదవండి, సైట్ చూసేవారైతే చివరి భాగాలు మీకు ఎక్కువ పనికొస్తాయి.

ముందు, స్టీల్ ఏం చేస్తుందో ఏం చేయదో

స్టీల్ పగుళ్లని ఆపదు. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది, మామూలు మిక్స్‌లకి చివరికి 500 నుంచి 800 మైక్రోస్ట్రెయిన్ దాకా, అంటే మీటరుకి 0.5 నుంచి 0.8 మి.మీ. దాకా తగ్గుతుంది. దీనికి తోడు సిమెంట్ వేడెక్కి చల్లబడేటప్పుడు ఇంకొంత, డిగ్రీకి సుమారు 10 మైక్రోస్ట్రెయిన్ చొప్పున. కాంక్రీటు పగలకుండా సాగగలిగేది మాత్రం దాదాపు 70 నుంచి 110 మైక్రోస్ట్రెయిన్. రెండు చివరలూ గట్టిగా పట్టి ఉంచితే పగులు రాకుండా ఉండే దారి లేదు, ఎంత స్టీల్ వేసినా.

స్టీల్ తేల్చేది ఒక్కటే: ఒకే వెడల్పాటి పగులా, కనీకనిపించని సన్న పగుళ్లు చాలానా. నా స్లాబ్‌నే తీసుకోండి. 200 మి.మీ. మందం, మీటరు వెడల్పుకి 2,00,000 చదరపు మి.మీ. కాంక్రీటు. సిలిండర్ బలం (సిలిండర్ ముక్కని నొక్కి కొలిచేది) 30 మెగాపాస్కల్ ఉన్న కాంక్రీటుకి సగటు టెన్షన్ (లాగుడు) బలం 2.9 మెగాపాస్కల్. అంటే పగిలే క్షణంలో మీటరు వెడల్పులో 580 కిలోన్యూటన్ల టెన్షన్ ఉంది. కాంక్రీటు విడిపోగానే ఆ దగ్గర భారమంతా రాడ్ల మీద పడాలి. నా 251 చ.మి.మీ. రాడ్లు 500 గ్రేడ్‌లో యీల్డ్ అయ్యేదాకా (అంటే సాగిపోయి మళ్లీ వెనక్కి రాని స్థితి దాకా) మోయగలిగేది 126 కిలోన్యూటన్లు. నాలుగో వంతు కూడా కాదు. కాబట్టి మొదటి పగులు దగ్గరే రాడ్లు యీల్డ్ అయ్యాయి, స్లాబ్‌లో టెన్షన్ పడిపోయింది, ఇంకో పగులు రావాలంటే కావాల్సిన బలం మళ్లీ ఎప్పుడూ పుట్టలేదు. ఆ తర్వాత కుంచించుకున్నదంతా ఆ ఒక్క గీతలోకే చేరింది.

రాడ్లు తగినన్ని ఉంటే కథ వేరు. మొదటి పగులు దగ్గర రాడ్లు పట్టి ఉంచుతాయి, టెన్షన్ మళ్లీ పెరుగుతుంది, పక్కన రెండో పగులు వస్తుంది, తర్వాత మూడోది. 8 మీటర్ల స్లాబ్ 500 మైక్రోస్ట్రెయిన్ కుంచించుకుంటే మొత్తం 4 మి.మీ. అందులో కొంత పగుళ్ల మధ్య కాంక్రీటే సాగి, క్రీప్ అయి (ఎక్కువకాలం భారం కింద నెమ్మదిగా సాగి) సర్దుకుంటుంది. మిగిలింది ఓ పది పగుళ్లకి పంచితే ఒక్కోటీ చూపుకి పెద్దగా ఆనదు, నీళ్లకీ సులువుగా దారి ఇవ్వదు.

స్లాబ్‌ని ఎవరు పట్టుకున్నారో ప్లాన్ మీద గుర్తు పెట్టండి

ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో షియర్ వాల్స్, లిఫ్ట్ కోర్లు (లిఫ్ట్ చుట్టూ ఉండే కాంక్రీటు గోడలు), మెట్ల గోడలు, రిటైనింగ్ వాల్స్, ముందే పోసి గట్టిపడిన పాత స్లాబ్ భాగాలు, పొట్టిగా లావుగా ఉన్న కాలమ్స్, అన్నీ గుర్తు పెట్టండి. తర్వాత ఒక గట్టి వస్తువు నుంచి ఇంకో గట్టి వస్తువుకి గీతలు గీయండి. ఆ గీతల దిశలోనే స్లాబ్ టెన్షన్‌లో ఉంటుంది, పగుళ్లు ఆ గీతలకి అడ్డంగా వస్తాయి. ఒకే గోడ ఉండి రెండో చివర సన్నటి కాలమ్స్ మీద ఉంటే స్లాబ్ ఆ వైపుకి కదిలిపోగలదు, అక్కడ భయం తక్కువ. ప్లాన్‌కి రెండు చివరలా రెండు కోర్లు పెట్టిన బిల్డింగ్‌లు, చుట్టూ రిటైనింగ్ వాల్ ఉన్న బేస్‌మెంట్ పై స్లాబ్‌లు, సన్నగా పొడుగ్గా ఉండే కారిడార్ భాగాలు, వీటిలోనే ఎక్కువగా పగులుతుంది.

వన్‌వే స్లాబ్ దగ్గర చాలామంది (నేనూ అంతే) పొరబడేది ఇక్కడే. స్పాన్ దిశలో మెయిన్ రాడ్లు దండిగా ఉంటాయి, అటు పగులు సమస్య పెద్దగా రాదు. రెండో దిశలో, బీమ్‌ల వెంబడి, బెండింగ్ లేదు కాబట్టి కనీసం స్టీల్‌తో సరిపెడతాం. గోడలు ఆ రెండో దిశలోనే పట్టుకుని ఉంటే పగులు మెయిన్ రాడ్లకి సమాంతరంగా వస్తుంది, దాన్ని దాటే రాడ్లు డిస్ట్రిబ్యూషన్ స్టీల్ ఒక్కటే.

పట్టు ఎంత గట్టిదో అంకెల్లో కావాలంటే గోడల గట్టిదనాన్ని గోడలు, స్లాబ్ రెండింటి మొత్తం గట్టిదనంతో భాగించండి, 0కీ 1కీ మధ్య ఒక గుణకం వస్తుంది. కుంచించుకునే స్ట్రెయిన్‌ని ఆ గుణకంతో, క్రీప్ కోసం ఇంకో 0.65తో గుణించి, కాంక్రీటు సాగే శక్తితో పోల్చండి. 500 మైక్రోస్ట్రెయిన్ స్లాబ్‌లో గుణకం 0.3 దగ్గరికి వచ్చేసరికే హద్దు మీద ఉంటారు. 0.5 వస్తే పగులుతుందనే లెక్కలో మొదలుపెట్టండి.

స్టీల్ పెంచే ముందు కదలిక తగ్గించండి

ఇది ఆర్కిటెక్ట్‌తో మాట్లాడే దశలోనే జరగాలి, తర్వాత కుదరదు. రెండో కోర్‌ని ప్లాన్ మధ్యకి జరపొచ్చా? జాయింట్ ఇవ్వొచ్చా? ఒక మీటరు వెడల్పు స్ట్రిప్ వదిలేసి వారాల తర్వాత పోయొచ్చా? పలచటి స్లాబ్‌లో వేడి వల్ల వచ్చే కుంచింపు కొద్దిరోజుల్లోనే అయిపోతుంది, ఆరడం వల్ల వచ్చేది మాత్రం నెలల తరబడి సాగుతుంది, కాబట్టి స్ట్రిప్‌ని ఎన్నాళ్లు తెరిచి ఉంచగలిగితే అంత లాభం. ఒక మెలిక ఉంది: స్ట్రిప్ గుండా రాడ్లు ఆపకుండా నేరుగా పోతే అవే రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుంటాయి. రాడ్లు అటూ ఇటూ నుంచి వచ్చి స్ట్రిప్‌లో ల్యాప్ అవ్వాలి (ఒకదాని పక్కన ఒకటి కొంత పొడవు కలిసి పోవాలి), ఆ ల్యాప్ సరిపోయేంత వెడల్పు స్ట్రిప్‌కి ఉండాలి.

మిక్స్‌లో నీళ్లు తగ్గించడం, సిమెంట్ పేస్ట్ తగ్గించడం, కంకర సైజు వీలైనంత పెద్దది వాడటం, ఇవన్నీ కుంచింపుని నేరుగా తగ్గిస్తాయి. సైట్‌లో పంపుకి బాగా పారాలని కలిపే నీళ్లు మీ లెక్క మొత్తాన్నీ తలకిందులు చేస్తాయి.

పగులు వెడల్పు ఎంతకి ఒప్పుకుంటారో తేల్చుకోండి

యూరోకోడ్ 2లో (యూరప్ కాంక్రీటు కోడ్) మామూలుగా 0.3 మి.మీ., ఎప్పుడూ పొడిగా ఉండే లోపలి భాగాలకి 0.4. ఐఎస్ 456లో మామూలుగా 0.3, తేమ లేదా మట్టి తగిలేచోట 0.2, తీవ్రమైన వాతావరణంలో 0.1. కింద కార్లు, కరెంటు ప్యానెళ్లు ఉండి పైన తడి ఉండే స్లాబ్‌కి నేను 0.2 పెట్టుకుంటాను. పైన టైల్స్, కింద ఫాల్స్ సీలింగ్ వచ్చే పొడి గదికి 0.2 పట్టుబట్టి స్టీల్ కుమ్మరించడం వృథా.

రెండు లెక్కలు, రెండూ కావాలి

మొదటిది: పగిలిన చోట రాడ్లు యీల్డ్ అవకూడదు. కాంక్రీటు మందం మొత్తం టెన్షన్‌లో ఉంటుంది కాబట్టి, కావాల్సిన స్టీల్ = కాంక్రీటు వైశాల్యం × టెన్షన్ బలం ÷ యీల్డ్ బలం. మన ఉదాహరణలో 2,00,000 × 2.9 ÷ 500 = 1160 చ.మి.మీ., అంటే 0.58 శాతం. యూరోకోడ్ 2లో మందం 300 మి.మీ. దాటితే ఒక తగ్గింపు గుణకం ఉంది, 800 మి.మీ.కి అది 0.65 అవుతుంది. పలచటి స్లాబ్‌కి తగ్గింపు లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి 0.58ని మీ అలవాటు అంకెలతో పోల్చండి. ఐఎస్ 456లో 0.12, ఏసీఐ 318లో (అమెరికా కోడ్) 0.18. ఈ అంకెలు స్లాబ్ కొంతవరకు స్వేచ్ఛగా కదలగలదన్న ఊహ మీద ఉన్నవి. కదలికకి గట్టి అడ్డు ఉంటే దాని ప్రభావాన్ని విడిగా చూడాలని ఏసీఐ 318లోనే ఉంది, ఆ వాక్యాన్ని మనం దాటేసి అంకె మాత్రం గుర్తుపెట్టుకుంటాం. ఆస్ట్రేలియా కోడ్ ఏఎస్ 3600 ఈ విషయంలో సూటిగా ఉంటుంది: బిగింపు ఉన్న దిశలో పగుళ్ల మీద ఎంత అదుపు కావాలో దాన్నిబట్టి 0.175, 0.35, 0.6 శాతం అని మూడు మెట్లు ఇచ్చింది. గట్టి అదుపు కావాలంటే 0.6, మన 0.58 పక్కనే.

రెండో లెక్క వెడల్పుకి. రాడ్‌లో స్ట్రెస్ (చదరపు మి.మీ. మీద పడే బలం) 500 మెగాపాస్కల్ దాకా పోతే పగులు తెరుచుకుంటుంది, కాబట్టి అది అంతకన్నా బాగా కింద ఉండాలి. ఎంత కింద అనేది రాడ్ లావుని బట్టి. యూరోకోడ్ 2 పట్టికలో 0.3 మి.మీ. పగులుకి 16 మి.మీ. రాడ్ అయితే 240 మెగాపాస్కల్, 12 అయితే 280, 10 అయితే 320. 0.2 మి.మీ.కి 16 అయితే 200, 12 అయితే 240, 8 అయితే 280. చాలామంది ఈ అంకెల్ని నేరుగా వాడేస్తారు, కానీ ఆ పట్టిక కట్టింది బెండింగ్ సెక్షన్ కోసం. మందం మొత్తం టెన్షన్‌లో ఉన్న స్లాబ్‌కి రాడ్ సైజుకి ఒక సవరణ ఉంది: స్లాబ్ మందాన్ని, అంచు నుంచి రాడ్ మధ్యకి ఉన్న దూరానికి 8 రెట్లతో భాగించాలి, కాంక్రీటు టెన్షన్ బలం 2.9 కాకపోతే ఆ నిష్పత్తి కూడా కలపాలి. 25 మి.మీ. కవర్ (రాడ్ బయట ఉండే కాంక్రీటు మందం), 12 మి.మీ. రాడ్ అయితే 200 ÷ (8 × 31) = 0.81. అంటే పట్టికలో మన 12 మి.మీ. రాడ్‌ని 12 ÷ 0.81, సుమారు 15 మి.మీ. రాడ్‌లా చూడాలి. 0.3 మి.మీ. వరసలో 15కి స్ట్రెస్ 250 వస్తుంది.

5,80,000 ÷ 250 = 2320 చ.మి.మీ. పైనా కిందా సగం సగం, ఒక్కో ముఖానికి 1160. 12 మి.మీ. రాడ్లు 95కి ఒకటి, రెండు వరసలు. మొత్తం 1.2 శాతం దగ్గర. నా పాత డ్రాయింగ్‌కి దాదాపు తొమ్మిదింతలు. మొదటిసారి ఈ అంకె చూసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ మొదటి నుంచి వేశాను. పగుళ్ల మధ్య దూరం, సగటు స్ట్రెయిన్ సూత్రాలతో విడిగా సరిచూస్తే వెడల్పు 0.23 మి.మీ. దగ్గర వచ్చింది, అంటే పట్టిక దారి కాస్త భద్రం వైపే ఉంది, ఆ తేడా మేరకి కొంత తగ్గించుకోవచ్చు. గోడలు కొంచెం సర్దుకునేవైతే ఇంకొంత. అయినా 0.12 దగ్గరికి ఏ దారిలోనూ రాదు.

సన్న రాడ్లా, లావు రాడ్లా

అదే స్లాబ్, అదే 0.3 మి.మీ. 10 మి.మీ. రాడ్లతో ముఖానికి 75కి ఒకటి చాలు, మీటరుకి మొత్తం సుమారు 2090 చ.మి.మీ. 16 మి.మీ. రాడ్లతో అయితే 150కి ఒకటి, మొత్తం 2680. రాడ్ లావయ్యే కొద్దీ స్టీల్ ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ఒకే వైశాల్యానికి సన్న రాడ్ల చుట్టుకొలత ఎక్కువ, కాంక్రీటు పట్టు ఎక్కువ, పగుళ్లు దగ్గర దగ్గరగా వచ్చి ఒక్కోటీ సన్నగా ఉంటుంది. కానీ 75 మి.మీ. దూరంలో రెండు వరసల జాలి కడితే వైబ్రేటర్ నీడిల్ దిగదు, మనిషి కాలు పెట్టడానికి చోటుండదు, ల్యాప్ వచ్చిన చోట అసలు కాంక్రీటే దూరదు. నేను 12 మి.మీ.నే ఎంచుకుంటాను, స్పేసింగ్ 90కి తక్కువ రాకుండా చూస్తాను. అంతకన్నా తక్కువ కావాల్సి వస్తే స్లాబ్ ఏర్పాటునే మళ్లీ చూడాలి, రాడ్ సైజుని కాదు.

రెండు ముఖాలూ ముఖ్యం. పగులు మందం మొత్తం దాటి వస్తుంది. కింది వరస ఒక్కటే వేస్తే పైన అదుపు ఉండదు, పై ముఖం బాగా తెరుచుకుంటుంది. బెండింగ్‌కి ఇప్పటికే ఉన్న స్టీల్‌ని ఇందులో లెక్కపెట్టుకోవచ్చు, కానీ లోడ్ వల్ల దానిలో ఇప్పటికే ఉన్న స్ట్రెస్‌ని తీసేసి మిగిలిన భాగాన్నే. ఒకే రాడ్‌ని రెండు పనులకీ పూర్తిగా చూపించకండి.

కాంక్రీటు బలం ఎక్కువ వస్తే

స్పెసిఫికేషన్‌లో సిలిండర్ బలం 25 రాస్తే సైట్‌కి 40 వచ్చిందనుకోండి, అందరూ సంతోషిస్తారు. టెన్షన్ బలం 2.6 నుంచి 3.5కి పెరిగింది, పగిలేటప్పుడు రాడ్ల మీద పడే భారం మూడో వంతుకి పైగా పెరిగింది, స్టీల్ మాత్రం 2.6కి లెక్కపెట్టిందే. కాబట్టి బిగింపు ఉన్న స్లాబ్‌లకి గరిష్ఠ బలం కూడా డ్రాయింగ్ మీద రాయండి, లేదా నిజంగా వచ్చే బలానికే స్టీల్ లెక్కించండి. దీనికి రెండో వైపు కూడా ఉంది: పగులు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే వస్తుందని ఖాయంగా తెలిస్తే అప్పటి తక్కువ బలాన్ని వాడి స్టీల్ తగ్గించుకోవచ్చు. పలచటి స్లాబ్‌లో ఆ ఖాయం దొరకదు, ఎక్కువ భాగం నెలల తర్వాత ఆరడం వల్లే పగులుతుంది, కాబట్టి నేను 28 రోజుల బలానికి తగ్గను.

డిటైలింగ్‌లో చూడాల్సినవి

స్లాబ్ సన్నబడిన చోటే మొదట పగులుతుంది. డక్ట్ ఓపెనింగ్‌ల మధ్య మిగిలిన సన్న పట్టీ, కరెంటు పైపులు ఒకేచోట గుంపుగా పోయిన గీత, మందం మారే మెట్టు, వీటి దగ్గర స్టీల్ తగ్గకూడదు. ఓపెనింగ్ వల్ల తెగిన రాడ్లకి సమానమైన స్టీల్ రెండు పక్కలా వేయండి, మూలల్లో ఏటవాలుగా పైనా కిందా రాడ్లు వేయండి. ల్యాప్‌లన్నీ ఒకే గీత మీద పెట్టకండి. గోడలోకి పోయే స్టార్టర్ రాడ్లు స్లాబ్ రాడ్లంత స్టీల్ ఇవ్వాలి, లేకపోతే గోడ ముఖం దగ్గరే చీలుతుంది.

పాత స్లాబ్ అంచుకి ఆనించి కొత్తది పోస్తే పగుళ్లు జాయింట్‌కి లంబంగా వస్తాయి. అక్కడ జాయింట్‌కి సమాంతరంగా ఉండే రాడ్లే పని చేస్తాయి, అంచు పక్క మొదటి మీటరు, మీటరున్నరలో వాటిని దగ్గరగా వేయండి. జాయింట్‌ని దాటే డోవెల్స్ ఈ పగుళ్లని ఏమీ చేయలేవు.

పోసే రోజు, తర్వాత

పై వరస రాడ్లు తొక్కుడుకి కిందికి దిగిపోతే మీ లెక్కలో సగం పోయినట్టే, చైర్లు (పై వరసని ఎత్తి పట్టే రాడ్ స్టాండ్లు) దగ్గర దగ్గరగా పెట్టించి, పోయడం మొదలయ్యాక కూడా ఒకరు వాటినే చూస్తూ ఉండాలి. పోసిన కొన్ని గంటల్లోనే, ఇంకా గట్టిపడకముందే పైన వచ్చే గీతలు వేరే జాతి, అవి పైనుంచి నీరు త్వరగా ఆవిరైపోవడం వల్ల వచ్చేవి, వాటికి ఈ స్టీల్ మందు కాదు. గాలి, ఎండ తగలకుండా కప్పడం, వెంటనే తడి పట్టడమే మందు. క్యూరింగ్ బాగా చేస్తే ఆరడం నెమ్మదిస్తుంది, ఆ లోపు కాంక్రీటుకి బలం వస్తుంది, కానీ చివరికి కుంచించుకునేది మాత్రం పెద్దగా తగ్గదని గుర్తుంచుకోండి.

క్లయింట్‌కి ముందే చెప్పండి, సన్న గీతలు కనిపిస్తాయి, అవి డిజైన్‌లో భాగమే అని. మూడో నెలలో క్రాక్ కార్డుతో వెళ్లి ప్రతి గీతనీ ప్లాన్ మీద గీసి, వెడల్పు, తేదీ రాసి పెట్టుకోండి, ఆరో నెలలో మళ్లీ. 300 నుంచి 500 మి.మీ. దూరాల్లో 0.1, 0.2 వెడల్పు గీతలు కనిపిస్తే రాడ్లు తమ పని చేస్తున్నాయి. ఒకే పగులు ప్రతిసారీ వెడల్పవుతూ, పక్కన కొత్తవి రాకుండా ఉంటే అక్కడ రాడ్లు యీల్డ్ అయ్యాయని అనుకోవాలి. అలాంటిదాన్ని వెంటనే గట్టి ఎపాక్సీతో నింపకండి, స్లాబ్ ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది, నింపిన దాని పక్కనే మళ్లీ చీలుతుంది. నీళ్లు కారుతుంటే ముందు సాగే గుణం ఉన్న సీలెంట్‌తో మూసి, రెండు మూడు కొలతల్లో వెడల్పు మారడం ఆగిందని చూశాకే ఎపాక్సీ పెట్టండి. నా స్లాబ్‌కి అలా ఆగడానికి ఏడాది పైనే పట్టింది.